చౌక సోలార్ గార్డెన్ లైటు తెల్లారేదాకా వెలగాలంటే ఏం మార్చాలి, ఎలా మార్చాలి?

"గేటు దగ్గర పెట్టిన సోలార్ లైటు రాత్రి ఎనిమిదిన్నరకే ఆరిపోతోంది, ఏం చేయాలి?" వానాకాలం మొదలైతే చాలు, ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువవుతారు. దాని వెనకే ఇంకో రెండు వస్తాయి. "కొని ఏడాది కూడా కాలేదు, వెలగడమే మానేసింది." "వెలుతురు మరీ గుడ్డిగా ఉంది, పెంచుకోవచ్చా?" మూడింటికీ కలిపి జవాబు ఇది.

ఇక్కడ చెప్పేదంతా మట్టిలో గుచ్చే పుల్ల, నెత్తిన అగ్గిపెట్టె అంత ప్యానెల్, లోపల ఒకే ఒక్క సెల్ ఉండే చవక రకం లైట్ల గురించే. మనిషి కదిలితే వెలిగే గోడ లైట్లు, వీధి లైటులా ఉండే పెద్దవి వేరు. వాటిలో 3.2 లేదా 3.7 వోల్టుల లిథియం సెల్ ఉంటుంది, కింది కొలతలు వాటికి కుదరవు. రంగులు మార్చే లైట్ల సర్క్యూట్ కూడా కాస్త వేరు. వాటికి సెల్, ప్యానెల్ పనులు మాత్రమే చేయండి, మిగతావి వద్దు.

లోపల ఏముంటుందో రెండు ముక్కల్లో చెప్తాను. పగలు ప్యానెల్ సెల్‌ని నింపుతుంది. చీకటి పడితే ప్యానెల్ నుంచి వోల్టేజీ ఆగిపోతుంది, అది గమనించి నాలుగు కాళ్ల చిన్న నల్ల చిప్ లైటు వెలిగిస్తుంది. అంటే వెలుతురును కనిపెట్టే కన్ను వేరే లేదు, ఆ ప్యానెలే కన్ను. సెల్ ఇచ్చేది 1.2 వోల్టులు, తెల్ల ఎల్ఈడీకి కావాల్సింది 3 వోల్టుల దాకా. చిప్ పక్కనే ఉండే కాయిల్ (సన్న తీగ చుట్ట) సాయంతో ఆ వోల్టేజీ పెరుగుతుంది. చిప్, కాయిల్, ఎల్ఈడీ, అంతే సర్క్యూట్.

కావాల్సినవి

చిన్న స్టార్ స్క్రూడ్రైవరు, మల్టీమీటరు (చవక రకం చాలు), 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ తీగ, కొత్త రీచార్జబుల్ సెల్. ప్యానెల్‌ను దూరంగా పెట్టాలనుకుంటే రెండు పోగుల సన్న తీగ. పాత ల్యాండ్‌లైన్ ఫోను తీగ ఇంట్లో ఉంటే కొనక్కర్లేదు. నీళ్లు దిగకుండా సిలికాన్ సీలెంట్, ఒక నెయిల్ పాలిష్ సీసా. కాయిళ్లు, ఎల్ఈడీలు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో విడిగా దొరుకుతాయి. మిగతా ఊళ్లలో టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే షాపులో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

సోల్డరింగ్ చేతకాకపోయినా భయం లేదు. మొదటి మూడు అడుగులకు స్క్రూడ్రైవరు ఉంటే చాలు, సగం లైట్లు అక్కడే బాగుపడతాయి.

1. ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

లైటు విప్పి సెల్ తీయండి. గోడ గడియారంలో వేసే సైజు ఉండొచ్చు, రిమోట్‌లో వేసే సన్న సైజు ఉండొచ్చు. అదే సైజు మామూలు సెల్ ఒకటి తెచ్చి వేసి, ప్యానెల్ మీద అరచెయ్యి పెట్టి పూర్తిగా మూయండి.

లైటు బాగా వెలిగిందా? అయితే సర్క్యూట్ బాగుంది, సెల్ పోయిందన్నమాట, లేదా ప్యానెల్ దాన్ని నింపడం లేదు. వెలగలేదా? స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, సెల్ అంచున ఉండే స్ప్రింగ్ తుప్పు పట్టిందేమో చూడండి, ఊడిన తీగ ఏదైనా ఉందేమో చూడండి.

ఈ పరీక్ష రెండు నిమిషాల పని. వెలిగింది కదా అని ఆ మామూలు సెల్ అందులోనే ఉంచేయకండి. పగలు ప్యానెల్ దాన్ని చార్జ్ చేయాలని చూస్తుంది. చార్జింగ్‌కు పనికిరాని సెల్ ఉబ్బి కారుతుంది, ఆ కారిన రసం స్ప్రింగ్‌నీ బోర్డునీ తినేస్తుంది. పని చేయని లైట్లు విప్పితే తరచుగా కనిపించేది ఇదే.

2. తుప్పు గీకి, కాంటాక్టులు శుభ్రం చేయండి

సెల్ కూర్చునే చోట తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే ఒక నిమ్మచెక్క తీసుకోండి. కారిన రసం క్షారం, నిమ్మరసం దాన్ని విరిచేస్తుంది. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తడి బట్టతో తుడిచి, ఎండలో బాగా ఆరనివ్వండి. ఆరిన తర్వాత లోహం మెరిసేదాకా సాండ్ పేపరుతో గీకండి. స్ప్రింగ్ చేత్తో ముట్టుకుంటేనే విరిగిపోయేంతగా తినేసి ఉంటే దాని జోలికి పోకుండా, పది ఇరవై రూపాయల సెల్ హోల్డర్ తెచ్చి తీగలతో కలపడం మేలు.

మూత తెరిచినప్పుడు ఎర్రచీమల గూడు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పొడిగా, వెచ్చగా ఉంటుంది కాబట్టి వాటికి ఆ చోటు ఇష్టం. ఊది పారేయడం కాదు, గుడ్లతో సహా బ్రష్‌తో తీసేయాలి.

3. సెల్ మార్చండి

ముందు పాత సెల్ మీద రాసింది చదవండి. 1.2 వోల్టులు, నికెల్ మెటల్ హైడ్రైడ్ (Ni-MH) అని ఉంటే అదే రకం కొనండి. పాతకాలం లైట్లలో నికెల్ కాడ్మియం ఉంటుంది, దాని చోట కూడా నికెల్ మెటల్ హైడ్రైడ్ వేయొచ్చు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. గోడ గడియారం సెల్ సైజులోనే 3.2, 3.7 వోల్టుల లిథియం సెల్స్ కూడా వస్తాయి. "సైజు సరిపోయింది కదా" అని తోసేస్తే చిప్ కాలిపోవచ్చు. ఒక్కోసారి చూడటానికి అన్నీ ఒకేలా ఉన్న లైట్లలో ఒకటి 1.2, ఇంకొకటి 3.2 ఉంటుంది. ఆకారం చూసి కాదు, సెల్ మీది అంకె చూసి కొనండి.

ఎంత కెపాసిటీ కొనాలి? చాలామంది అత్యాశకు పోయేది ఇక్కడే. లైటులో 300 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) సెల్ ఉంటే దాని చోట 2000 వేస్తే రాత్రంతా వెలుగుతుందనుకుంటారు. సెల్ అంటే బిందె, నీళ్లు పోసేది ప్యానెల్. చెంబుడు నీళ్లు పోసి పెద్ద బిందె పెడితే నీళ్లు పెరగవు. ఈ లైట్లకు 600 నుంచి 1000 ఎంఏహెచ్ దాకా ఉన్నది సరిపోతుంది. పెద్ద సెల్ వల్ల ఒక్క లాభం ఉంది. మంచి ఎండ కాసిన రోజుల మిగులు కొంత మబ్బు రోజుకు పనికొస్తుంది. అయితే ఆ మిగులు ఉంటేనే.

కొత్త సెల్‌ను ముందుగా చార్జర్‌లో నింపి వేయండి. చార్జర్ లేకపోతే మొదటి రెండు మూడు రాత్రులు చూసి లైటు పనికిరాదని తేల్చేయకండి. ఇంకో సంగతి, చార్జ్ అవ్వాలని పగలు స్విచ్ ఆఫ్ చేసి పెడతారు కొందరు. చాలా మోడళ్లలో ఆ స్విచ్ సెల్‌నే సర్క్యూట్ నుంచి విడదీస్తుంది. అంటే రోజంతా ఎండలో ఉన్నా చార్జ్ ఎక్కదు. పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉంచండి.

పాత సెల్ బాగుందో లేదో చూడటానికి గోడ గడియారంలో వేసి చూడకండి. గడియారం తీసుకునే కరెంటు ఎంత తక్కువంటే, చచ్చిన సెల్ కూడా దాన్ని నెలల తరబడి తిప్పుతుంది.

4. ప్యానెల్ కొలవండి

ఎండ నెత్తిన ఉన్నప్పుడు, పన్నెండుకు అటూ ఇటూ చేయాల్సిన పని ఇది. ముందు ప్యానెల్ మీద ఫ్యాక్టరీలో అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఉందేమో గోటితో గీకి చూడండి. నవ్వకండి, అది తీయకుండా ఏళ్లు వాడేవాళ్లున్నారు.

సెల్ తీసేసి, ప్యానెల్ రెండు తీగల మధ్య వోల్టేజీ చూడండి. నాలుగు పట్టీలున్న ప్యానెల్ అయితే 2 వోల్టులు దాటాలి. తర్వాత మీటరును 200 మిల్లీ ఆంపియర్ల స్థానంలో పెట్టి అవే రెండు తీగల మధ్య కరెంటు చూడండి. ఇలా నేరుగా కలిపితే ఇంత చిన్న ప్యానెల్‌కు ఏమీ కాదు. అయితే ఈ స్థానంలో ఉండగా మీటరు పిన్నులను సెల్ రెండు చివరలకూ నేరుగా పెట్టకూడదు, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది.

వచ్చిన అంకె రాసుకోండి. మన దగ్గర మంచి ఎండ రోజున ఆ అంకెను 5తో గుణిస్తే రోజుకు ప్యానెల్ పోసేది తెలుస్తుంది. 40 మిల్లీ ఆంపియర్లు వచ్చిందనుకోండి, 200 ఎంఏహెచ్. చార్జింగ్‌లో పోయేది పోగా ముప్పావు వంతు, అంటే 150 చేతికొస్తుంది. ఇప్పుడు సెల్‌కూ సర్క్యూట్‌కూ మధ్య మీటరు పెట్టి, ప్యానెల్ మూసి, లైటు ఎంత తాగుతోందో చూడండి. 30 తాగుతుంటే 5 గంటలు, 15 తాగుతుంటే 10 గంటలు. హైదరాబాద్‌లో డిసెంబరు చివర రాత్రి దాదాపు 13 గంటలు, జూన్‌లో 11 లోపు. మీ లైటు ఎనిమిదిన్నరకే ఎందుకు ఆరిపోతోందో ఈ లెక్కలో దొరుకుతుంది.

కరెంటు తక్కువ వస్తే ప్యానెల్ పైపూత చూడండి. చవక ప్యానెళ్ల మీద గాజు ఉండదు, జిగురు పూత ఉంటుంది. ఒకటి రెండు ఎండాకాలాలకు అది పాలిపోయి, పొర కమ్మిన కన్నులా తయారవుతుంది. పెయింట్ షాపులో వాటర్ పేపర్ అని అడిగి 1500 నంబరుది తెచ్చి, నీళ్లు చిలకరిస్తూ మెల్లగా గుండ్రంగా రుద్దండి, తర్వాత 2000 నంబరుతో. కడిగి ఆరాక క్లియర్ లక్కర్ స్ప్రే ఒక పూత. గీతలు పడ్డట్టు కనిపించినా లక్కర్ పడగానే తేటగా అవుతుంది. మళ్లీ కరెంటు కొలిచి పాత అంకెతో పోల్చండి. ఏమీ పెరగకపోతే లోపల పట్టీలే పోయాయి, ప్యానెల్ మార్చడమే. పైన గాజు ఉన్న ప్యానెల్‌కు ఈ రుద్దుడు వద్దు, తడి బట్ట చాలు.

5. ప్యానెల్‌ను లైటు నుంచి విడదీసి డాబా మీదకు పంపండి

నన్నడిగితే ఈ లైట్లకు చేయదగ్గ మార్పుల్లో ఇదే అసలైనది. వెలుతురు కావాల్సిన చోట ఎండ ఉండదు. మెట్ల కింద, తులసి కోట దగ్గర, మామిడి చెట్టు నీడలో, పశువుల కొట్టం గుమ్మంలో లైటు కావాలి. ఎండేమో డాబా మీద ఉంటుంది. దీనికి తోడు వీధి లైటు గోల కూడా ఉంది. గేటు పక్కన స్తంభం లైటు ప్యానెల్ మీద పడితే ఇంకా పగలే అనుకుని చిప్ లైటు వెలిగించదు. ప్యానెల్ వేరుచేస్తే రెండు బాధలూ పోతాయి.

ఎలాగంటే, ప్యానెల్ వెనక ఉన్న ఎర్ర, నల్ల తీగలను బోర్డు దగ్గర కాకుండా మధ్యలో కత్తిరించండి. ప్యానెల్ మీది సోల్డర్ చుక్కలను కదపకండి, అక్కడి రేకు కాగితంలా ఉంటుంది, వేడికి లేచిపోతే మళ్లీ అతకదు. కత్తిరించిన చివర్లకు మీ పొడవు తీగ కలిపి, సోల్డర్ చేసి, స్లీవ్ (అతుకును కప్పే సన్న ప్లాస్టిక్ గొట్టం) తొడగండి. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. ఫోను తీగలో ఈ రంగులు ఉండకపోవచ్చు, రెండు చివరలా ప్లస్ పోగుకు ముడి వేసి గుర్తు పెట్టుకోండి. తిరగేసి కలిపితే చార్జ్ ఎక్కదు, చిప్ కూడా పోవచ్చు.

సన్న తీగ చాలా అని అడుగుతారు. పారేది 40, 50 మిల్లీ ఆంపియర్లే. 10 మీటర్ల దూరానికి ఫోను తీగలో తగ్గేది వోల్టులో పదో వంతు మాత్రమే. పొడవు పెంచాల్సింది ప్యానెల్ తీగను, ఎల్ఈడీ తీగను కాదు. చిప్, కాయిల్, ఎల్ఈడీ మధ్య కరెంటు చాలా వేగంగా కొట్టుకుంటుంది, అక్కడ పొడవు తీగలు పెడితే వెలుతురు తగ్గుతుంది. అందుకే సెల్, బోర్డు, ఎల్ఈడీ మూడూ కిందే ఉంచండి.

డాబా మీద ప్యానెల్‌ను దక్షిణానికి వాల్చి పెట్టండి. మన ప్రాంతానికి 15, 17 డిగ్రీల వాలు చాలు. 10 సెంటీమీటర్ల ప్యానెల్ అయితే ఉత్తరం అంచు 3 సెంటీమీటర్లు లేపండి. ఆ వాలుకే వాన పడ్డప్పుడు దుమ్ము కొట్టుకుపోతుంది. పిట్టగోడ నీడ, నీళ్ల ట్యాంకు నీడ ఉదయం ఎటు, సాయంత్రం ఎటు పడుతుందో ఒక రోజు చూసుకుని చోటు ఎంచండి. ప్యానెల్ పావు వంతు మీద నీడ పడినా కరెంటు సగానికి పైగా పడిపోవచ్చు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగను కరెంటు పనికి వాడే పీవీసీ పైపులోంచి తీసుకురండి, లేకపోతే వారం నిలవదు.

వానాకాలం కోసం చచ్చిన లైటు నుంచి రెండో ప్యానెల్ తీసి జోడించవచ్చు. రెండూ ఒకే వోల్టేజీవి అయ్యుండాలి, ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు కలపాలి. వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపితే 4 వోల్టులై చిప్ మీద పడుతుంది. ఈ లైట్లలో సెల్ నిండాక చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉండదు. అందుకని ప్యానెల్ కరెంటు సెల్ కెపాసిటీలో పదో వంతు దాటకుండా చూసుకోండి. రెండు ప్యానెళ్లు కలిపి 100 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంటే 1000 ఎంఏహెచ్, అంతకు పైన ఉన్న సెల్ వేయండి.

6. వెలుతురు పెంచడం, తగ్గించడం

బోర్డు మీద రెసిస్టరులా (రంగు గీతలు, రెండు కాళ్లు ఉండే చిన్న ముక్క), కాస్త లావుగా, ఎక్కువగా ఆకుపచ్చగా కనిపించేదే కాయిల్. ఎల్ఈడీకి ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేది అది. రంగు గీతలు చదవండి. ఎరుపు, ఎరుపు, గోధుమ అంటే 220 మైక్రోహెన్రీలు (కాయిల్ విలువను కొలిచే ప్రమాణం). గోధుమ, నలుపు, గోధుమ అంటే 100. పసుపు, ఊదా, నలుపు అంటే 47. విలువ సగం చేస్తే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది, వెలిగే సమయం సగమవుతుంది.

అందరూ పెంచమనే అడుగుతారు. నా మాట వింటే తగ్గించండి. కరెంటు సగం చేసినా కంటికి వెలుతురు సగం అయినట్టు అనిపించదు, కొంచెం తగ్గినట్టు ఉంటుంది. 100 తీసి 220 పెడితే ఎనిమిదిన్నరకు ఆరే లైటు పదిన్నర, పదకొండు దాకా వెలుగుతుంది. పెంచాలనే ఉంటే ముందు ప్యానెల్ పెంచి, తర్వాత కాయిల్ జోలికి వెళ్లండి.

మార్చే ముందు సెల్ తీసేయండి. పాత కాయిల్ కాళ్లను ఒక్కొక్కటిగా వేడి చేసి లాగండి, కొత్తదాన్ని ఎటు పెట్టినా ఒకటే. ఐరన్‌ను మూడు సెకన్లకు మించి ఒకచోట ఉంచితే బోర్డు మీద రాగి లేస్తుంది. సోల్డర్ చుక్క పక్క కాలికి అంటుకుందేమో వెలుతురులో పెట్టి చూసుకున్నాకే సెల్ వేయండి.

ఎల్ఈడీ రంగు మార్చుకోవడం ఇంతకన్నా తేలిక, పొడుగు కాలు ప్లస్ అని గుర్తుంచుకుంటే చాలు. తొలకరి పడగానే తెల్ల లైటు చుట్టూ ఉసిళ్లు ముసురుకునే ఇళ్లలో పసుపు ఎల్ఈడీ పెట్టి చూడండి, పురుగుల రద్దీ తగ్గుతుంది.

7. నీళ్లు దిగకుండా మూయండి

బోర్డు మీద సోల్డర్ చేసిన వైపు నెయిల్ పాలిష్ పూయండి. స్విచ్ మీద, సెల్ కాంటాక్టుల మీద పడకూడదు, పడితే కరెంటు పోదు. తీగ లోపలికి వెళ్లే రంధ్రం చుట్టూ సిలికాన్ పెట్టండి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన కొట్టే రకం రాగిని తినేస్తుంది. హాట్ గ్లూ గన్ జిగురు మే నెల ఎండకు మెత్తబడి జారుతుంది. ఫెవిక్విక్ లాంటి గమ్ పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. తీగ రంధ్రంలోకి వెళ్లే ముందు కిందకి వంగి పైకి వచ్చేలా ఒక వంపు వదలండి, వాన చినుకులు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

మొత్తం బిగించి మూసేయకండి. ఎంత మూసినా లోపల చెమ్మ చేరుతుంది, అది పోవడానికి అడుగున సూది మొన అంత రంధ్రం ఒకటి ఉంచండి.

అయ్యాక ఎలా చూసుకోవాలి

ఒక పూర్తి ఎండ రోజు గడిచాక సాయంత్రం ఐదు గంటలకు సెల్ తీసి కొలవండి. 1.3 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. పొద్దున ఆరింటికి మళ్లీ చూడండి. 1.1 పైన ఉంటే బాగుంది. 0.9 కంటే కింద రోజూ దిగుతుంటే సెల్ తొందరగా పోతుంది, లైటు తాగేది తగ్గించండి.

సాయంత్రం సెల్ నిండుగా ఉండి కూడా రాత్రి త్వరగా ఆరితే కొత్త సెల్ నాసిరకం కావొచ్చు, రేటు తక్కువని కొన్న వాటిమీద రాసిన కెపాసిటీ నమ్మలేం. సాయంత్రానికే 1.2 కూడా లేకపోతే ప్యానెల్ దగ్గర తప్పు, 4, 5 అడుగులు మళ్లీ చూడండి. చీకటి పడే వేళ లైటు ఆగి ఆగి మినుకుమినుకుమంటుంటే దాని వెలుతురే తెల్ల గోడకు కొట్టి ప్యానెల్ మీద పడుతోందని అర్థం, ప్యానెల్‌ను ఆ గోడ వైపు కాకుండా పక్కకు తిప్పితే సరి. పగలు కూడా వెలుగుతుంటే ప్యానెల్ తీగ తెగింది. సెల్, ప్యానెల్, తీగలు అన్నీ సరిగా ఉన్నా వెలగకపోతే చిప్ పోయింది. కాళ్ల వరస కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి చిప్ ఒక్కటీ మార్చడం కంటే, ప్యానెల్ పోయిన ఇంకో లైటు నుంచి బోర్డు మొత్తం తీసి పెట్టుకోవడమే సులువు.

తీసేసిన నికెల్ కాడ్మియం సెల్స్‌ను చెత్త బుట్టలో వేయకండి, కాడ్మియం విషం. బ్యాటరీ వ్యర్థాలకు 2022లో కేంద్రం వేరే నిబంధనలే తెచ్చింది. ఒక డబ్బాలో పోగుచేసి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి.